బానెట్ స్కూప్
బానెట్ స్కూప్ అనగా కారు బానెట్‌పై ఉబ్బెత్తుగా ఉండి, బయటి చల్లని గాలిని కార్బ్యురేటర్‌కు చేర్చే మార్గము. 1960, 70 దశకాల అమెరికా 'మజిల్ కార్ల'లో ఇది ప్రసిద్ధి చెందినది.

చరిత్ర
1965 నమూనా పాంటియాక్ జీటీవో కారుపై స్కూప్ కేవలం అలంకారం. దాని గుండా గాలి లోనికి పోదు. ఆ ఏడాది ఆగస్టులో దానిని పనిచేయించే విడిభాగాలను కంపెనీ అమ్మకానికి పెట్టింది. వాటిలో రేకు తొట్టి, నురుగు రబ్బరు పట్టీ ముఖ్యమైనవి. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్‌లో ఐచ్ఛికంగా లభించిన స్కూప్ నోరు వెనుకకు, ముందు అద్దం వైపు ఉంటుంది. అద్దం మొదట్లో గాలి పీడనం ఎక్కువగా ఉండడమే దీనికి కారణం.

పనిచేయు విధానం
వేడి గాలి పలుచన. ఒకే పీడనం వద్ద, ఇంజను గదిలోని 60 డిగ్రీల సెల్సియస్ గాలి కంటే బయటి 30 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 10 శాతం ఎక్కువ. అందువల్ల ఎక్కువ ఆక్సిజన్ లభించి, ఎక్కువ ఇంధనం మండుతుంది. కారు వేగానికి గాలి తోసుకొని రావడమే అసలు లాభమని పలువురు భావిస్తారు. కానీ గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ అదనపు పీడనం వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు. అసలు లాభం చల్లదనానిదే.

నిర్మాణం
మొదట స్కూప్ కింద బానెట్ రేకుకు రంధ్రం కోస్తారు. బానెట్‌కు బలాన్నిచ్చే లోపలి పట్టీలను కోయరాదు. ఎయిర్ ఫిల్టర్ చుట్టూ రేకు తొట్టి బిగించి, అంచున నురుగు రబ్బరు అంటిస్తారు. నడుస్తున్న ఇంజను అటూ ఇటూ కదులుతుంది కనుక ఈ పట్టీ మెత్తగా ఉండాలి. బానెట్ మూసినపుడు అది నలిగి సందులన్నీ మూసుకోవాలి. సందు మిగిలితే వేడి గాలి చొరబడి శ్రమ వృథా అవుతుంది. వాన నీరు పోవుటకు తొట్టి అడుగున చిన్న రంధ్రం ఉంచాలి. ఫిల్టర్‌ను తొలగించరాదు. చివరగా కార్బ్యురేటర్ జెట్లను సరిచూడాలి. మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గితే పిస్టన్లు దెబ్బతినే ప్రమాదమున్నది.