ముందు ముహూర్తం, తరవాత పని

కంపెనీల్లో జరిగే ఐటీ ప్రాజెక్టుల్లో చాలావాటికి కోడు ఒక్క వరస రాయకముందే గడువు ఖరారైపోతుంది. క్లయింటుకు మాట ఇచ్చేది ఒకరు, ఆ మాట నిలబెట్టాల్సింది మరొకరు. చివరి తేదీని ముందు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడుతూ డిజైనుకు ఇన్ని వారాలు, కోడింగుకు ఇన్ని, మిగిలినవి టెస్టింగుకు అని పంచేస్తారు. పని ఎంతుందో తెలియకుండానే ముహూర్తం పెట్టుకోవడం ఇది. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు ఇలా చేసి ఎంత నష్టపోయిందో విచారణ నివేదికల్లో వివరంగా ఉంది. ప్రాజెక్టు మేనేజర్లకు అంతకన్నా మంచి పాఠం దొరకడం కష్టం.

టీఎస్‌బీ ఒకప్పుడు లాయిడ్స్ బ్యాంకులో భాగం. 2013లో విడిపోయాక కూడా లాయిడ్స్ కంప్యూటర్ వ్యవస్థనే డబ్బు కట్టి వాడుకునేది. 2015లో స్పెయిన్‌కు చెందిన సబాడెల్ దాన్ని కొని, తన సొంత ప్లాట్‌ఫామ్‌కు మార్చాలని నిర్ణయించింది. 2017 నవంబరుకు అనుకున్న మార్పు కుదరలేదు. కొత్త ప్రణాళిక వేసేటప్పుడు పాతది ఎందుకు తప్పిందో లోతుగా చూడలేదు. 2018 మొదటి త్రైమాసికం అని ముందే అనుకుని వెనక్కి లెక్క కట్టారు. ఒకటయ్యాక ఒకటిగా జరగాల్సిన పరీక్షలు ఒకేసారి నడిచాయి. ఖాతాదారులను విడతలుగా మార్చే పద్ధతి వదిలేసి, దాదాపు అందరినీ ఒకే వారాంతంలో మార్చడానికి సిద్ధపడ్డారు.

2018 ఏప్రిల్ 22 ఆదివారం కొత్త వ్యవస్థ మొదలైంది, వెంటనే కూలబడింది. అప్పటికి ఆ బ్యాంకుకు సుమారు 52 లక్షల మంది ఖాతాదారులు. లక్షలాది మంది తమ ఖాతా తెరవలేకపోయారు, కొందరికి వేరేవాళ్ల ఖాతాల వివరాలు కనిపించాయి. విచిత్రమేమిటంటే ఖాతాల సమాచారం సక్రమంగానే తరలింది. దాన్ని మోయాల్సిన వ్యవస్థే తట్టుకోలేదు. రెండు డేటా సెంటర్లు కలిసి పనిచేయాల్సి ఉండగా, భారం తట్టుకుంటాయో లేదో చూసే పరీక్ష ఒకదాని మీదే చేశారు. ఆ సంగతి బ్యాంకు బోర్డుకు తెలియదు. సేవలు పూర్తిగా మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది.

గడువు ముంచుకొస్తే మొదట కోత పడేది టెస్టింగుకే. అది చివర్లో ఉంటుంది కాబట్టి ముందు దశల్లో జరిగిన ఆలస్యమంతా దాని నెత్తిన పడుతుంది. ఐబీఎంలో 1960లలో ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, 1975లో ప్రచురించిన తన పుస్తకంలో ఒక లెక్క చెప్పాడు. మొత్తం కాలంలో మూడో వంతు ప్రణాళికకు, ఆరో వంతు కోడింగుకు, మిగిలిన సగం పరీక్షలకు కేటాయించాలన్నది ఆ లెక్క. చాలామంది మేనేజర్లకు ఈ సగం అతిగా కనిపిస్తుంది. పరీక్షలకు తగిన సమయం ఇవ్వకపోతే ఆలస్యం చివరిదాకా ఎవరి కంటా పడదు, పడేనాటికి దిద్దుకునే వ్యవధి ఉండదు. అందుకే విడుదలకు ఏయే పరీక్షలు నెగ్గాలో, నెగ్గకపోతే పాత వ్యవస్థకు ఎలా తిరిగి వెళ్లాలో వారాల ముందే, ఒత్తిడి లేని రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి. గో-లైవ్ ముందురాత్రి అందరూ అలసిపోయి ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం దాదాపు ఎప్పుడూ 'కానిద్దాం' అనే అవుతుంది.

ఆలస్యం బయటపడ్డాక యాజమాన్యాలకు తోచే మొదటి మందు మనుషుల్ని పెంచడం. ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తవారిని దించితే అది ఇంకా ఆలస్యమవుతుందని బ్రూక్స్ ఆ పుస్తకంలోనే హెచ్చరించాడు. ఓఎస్/360 మీద ఒక దశలో వెయ్యిమందికి పైగా పనిచేశారు, కాబట్టి అది అనుభవం మీద చెప్పిన మాట. కొత్తవారికి నేర్పాల్సింది పాతవారే, అంటే పని తెలిసినవారి చేతిలోని పని ఆగిపోతుంది. మాట్లాడుకోవాల్సిన జంటలూ పెరుగుతాయి. ఐదుగురి టీములో అలాంటి జంటలు 10, పదిమందిలో 45, యాభైమందిలో 1,225. హైదరాబాదులో ఒక టీము, అమెరికాలో మరో టీము ఉండే ప్రాజెక్టుల్లో ఇది మరీ బరువు. అక్కడివారు లేచేసరికి ఇక్కడ చీకటి పడుతుంది, ఒక చిన్న సందేహం తీరడానికి ఒక రోజు పోతుంది. ఏది ఎవరు నిర్ణయించవచ్చో ముందే తేల్చి, సందేహాలూ జవాబులూ రాతలో ఉంచే టీముల్లో ఈ నష్టం తక్కువ. మనుషుల్ని పెంచక తప్పకపోతే ప్రాజెక్టు మొదట్లోనే పెంచాలి. ఆలస్యమయ్యాక మిగిలే నికరమైన దారులు రెండే, గడువు జరపడం లేదా అడిగిన వాటిలో కొన్నింటిని తరవాతి విడుదలకు వాయిదా వేయడం.

అన్నిటికన్నా కష్టమైనది చెడ్డ వార్తను పైకి చేర్చడం. కోడు రాసేవారికి పని వెనకబడిందని వారాల ముందే తెలుస్తుంది. టీము లీడు దాన్ని కొంచెం మెత్తబరిచి చెబుతాడు, మేనేజరు ఇంకొంచెం మెత్తబరుస్తాడు. కింద ఎరుపులో ఉన్న పని డైరెక్టరు బల్ల మీదికి ఆకుపచ్చగా చేరుతుంది. పెద్దల ముందు 'కాదు' అనడం మర్యాద కాదని పెరిగినవారున్న టీముల్లో 'ట్రై చేస్తాం సర్' అనే మాటకు తరచుగా 'కుదరదు' అని అర్థం. అది విని నిజం రాబట్టాల్సిన బాధ్యత మేనేజరుదే. 'అయిపోతుందా?' అని అడిగితే అవుననే వస్తుంది. 'ఏం మిగిలింది? ఏది నడుస్తోందో చూపించగలరా?' అని అడిగితే అసలు పరిస్థితి తెలుస్తుంది.

చెడ్డ వార్త చేరినా వినకపోతే ఫలితం ఉండదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా వెబ్‌సైటు హెల్త్‌కేర్.గవ్ 2013 అక్టోబరు 1న తెరుచుకున్న రోజు నమోదైనవారు ఆరుగురు. మొదటి నుంచి చివరిదాకా పరీక్షించే వ్యవధి చాలదని ఒక సమీక్ష ఆ ఏడాది వసంతంలోనే హెచ్చరించింది, అయినా తేదీ కదల్లేదు. దాని మీద 55 కాంట్రాక్టు సంస్థలు పనిచేస్తున్నా, మొత్తానికి ఎవరు బాధ్యులో స్పష్టత లేదు. తరవాత దాన్ని గట్టెక్కించడానికి వచ్చిన బృందం కొత్త టెక్నాలజీ ఏదీ తేలేదు. సైటు ఎలా నడుస్తోందో అందరికీ కనిపించే కొలతలు ముందు ఏర్పాటు చేశారు. రోజుకు రెండుసార్లు సమావేశమయ్యేవారు. అక్కడ తప్పు ఎవరిదని తేల్చడం నిషిద్ధం. హోదా ఉన్నవారు కాక ఆ సమస్య బాగా తెలిసినవారే మాట్లాడాలి. రాబోయే ఒకటి రెండు రోజుల్లో దెబ్బకొట్టేవాటి మీదే చర్చ. రెండు నెలల్లో, పేజీ తెరుచుకోవడానికి సగటున పట్టే 8 సెకన్లు ఒక్క సెకను లోపుకు దిగాయి.

పని బయటి సంస్థకు అప్పగించినా జవాబుదారీతనం బయటికి పోదు. టీఎస్‌బీ కొత్త ప్లాట్‌ఫామ్‌ను నిర్మించింది సబాడెల్‌కే చెందిన ఐటీ సంస్థ. దాని కింద పదుల సంఖ్యలో ఉపకాంట్రాక్టర్లు ఉన్నారు. అంతా సిద్ధమని ఆ సంస్థ ఇచ్చిన హామీని, వెనక ఆధారాలేమిటో గట్టిగా పరిశీలించకుండా బ్యాంకు స్వీకరించింది. 2022 డిసెంబరులో బ్రిటన్ నియంత్రణ సంస్థలు టీఎస్‌బీకి 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. 2023 ఏప్రిల్‌లో, ఆనాడు బ్యాంకు ఐటీ విభాగానికి అధిపతిగా ఉన్న అధికారికి వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా పడింది. వెండరు సిద్ధమని రాసిచ్చిన ఉత్తరం చేతికి వచ్చినప్పుడు మేనేజరు అడగాల్సినవి ఏ పరీక్షలు చేశారు, ఏ యంత్రాల మీద చేశారు, ఎంత భారంతో చేశారు, ఏవి విఫలమయ్యాయి అన్నవి. వాటి ఫలితాల కాగితాలు ఉత్తరంతో పాటే రావాలి.