వృద్ధాశ్రమాల్లో మానసిక ఔషధాల మోతాదు తగ్గింపు: నంద్యాల, ఆళ్లగడ్డ నేపథ్యం

ఉపోద్ఘాతం

నిద్రలేమికో ఆందోళనకో మొదలుపెట్టిన మందులు, అవసరం తీరిన తరువాత కూడా వృద్ధాశ్రమవాసులకు ఏళ్ల తరబడి కొనసాగడం అనేక దేశాల్లో గుర్తించిన సమస్య. డిమెన్షియా గల వృద్ధుల్లో కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు మరణప్రమాదాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో హెచ్చరించింది. 2008లో ఆ హెచ్చరికను పాత తరం మందులకూ వర్తింపజేసింది. నిద్రమాత్రల వల్ల తూలిపడి తుంటి ఎముక విరిగే ప్రమాదమూ పెరుగుతుంది. మోతాదు తగ్గింపు పద్ధతిని నంద్యాల, ఆళ్లగడ్డ పరిస్థితులకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

తగ్గింపు క్రమం

తగ్గించడం వేరు, ఆపివేయడం వేరు. దీర్ఘకాలం వాడిన అల్ప్రజోలంను హఠాత్తుగా ఆపితే వణుకు, నిద్రలేమి, ఒక్కొక్కప్పుడు మూర్ఛ రావచ్చు. ఈ తరగతి మందులను రెండు నుంచి నాలుగు వారాలకొకసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించడంతో ఆరంభించాలని 2025 నాటి అమెరికా మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. డిమెన్షియాలో యాంటీసైకోటిక్ మేలు చేసినప్పటికీ, నాలుగు నెలల్లోగా తగ్గింపునకు ప్రయత్నించాలనీ, ఆపిన తరువాత కనీసం నాలుగు నెలలపాటు నెలనెలా పరిశీలించాలనీ అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016లో పేర్కొంది. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులకు ఈ నియమం వర్తించదు. ఏ మార్పయినా వైద్యుని నిర్ణయం మేరకే జరగాలి.

స్థానిక అన్వయం

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఆళ్లగడ్డ అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. మంచం పట్టిన వృద్ధురాలిని మోతాదు మార్చిన ప్రతిసారీ అంతదూరం తీసుకువెళ్లడం కష్టం. ఈ లోటును టెలి మానస్ 14416 సేవ కొంత పూరించగలదు. అయితే దూరాన ఉన్న వైద్యునికి ఆధారం, ఆశ్రమంలో సంరక్షకురాలు రాసే పుస్తకమే. నిద్రించిన గంటలు, తూలిన సందర్భాలు, ఆహారం, మలబద్ధకం, మాటతీరు అందులో ప్రతిదినం నమోదు కావాలి. ఇంకెన్ని మాత్రలు మిగిలాయో కూడా రాయాలి. బంధువులు పంపే మందు ఆలస్యమైతే, ఎవరూ నిర్ణయించకుండానే అది హఠాత్తుగా ఆగిపోతుంది.

వేసవి మరొక చిక్కు. రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే పట్టణాల్లో నంద్యాల ఒకటి. కొన్ని యాంటీసైకోటిక్ మందులు దేహం వేడిని తట్టుకొనే శక్తిని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గినా, మూత్రనాళ ఇన్ఫెక్షన్ సోకినా వృద్ధులు కలవరపడతారు. దానిని పాత జబ్బు తిరగబెట్టడంగా పొరబడితే, తగ్గించిన మోతాదు మళ్లీ పెరుగుతుంది.

ముగింపు

కనుక తగ్గింపు కేవలం మాత్రల లెక్క కాదు. అది పరిశీలనా క్రమం. గమనించి రాసేవారు లేనిచోట మోతాదు పెంచడమే కాదు, తగ్గించడం కూడా ప్రమాదకరమే.