మొదటి అర సెకను: గోల్ఫ్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులకు



శనివారం యాక్టివిటీగా గోల్ఫ్ ఎంచుకున్న పిల్లలతో డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లే టీచర్లలో నేనూ ఒకదాన్ని. నేను కోచ్‌ని కాను. హాజరు వేయడం, నీళ్ల బాటిళ్లు లెక్కపెట్టడం, ఒకరి క్లబ్ ఇంకొకరికి తగలకుండా చూడడం నా పని. వారం వారం అక్కడ నిలబడి చూస్తూ, కోచ్ చెప్పేది వింటూ, ఇంటికొచ్చి కొంత చదువుకున్నాక ఒక సంగతి అర్థమైంది. పిల్లల షాట్ చాలాసార్లు పాడయ్యేది బాల్‌ని కొట్టే క్షణంలో కాదు, క్లబ్‌ని వెనక్కి తీసే మొదటి రెండు మూడు అడుగుల్లో. దాన్నే టేక్‌అవే అంటారు.

దీని గురించి రాయాలనిపించడానికి కారణం ఏడో తరగతి బాబు ఒకడు. ఒక శనివారం వాళ్ల నాన్నగారు కూడా రేంజ్‌కి వచ్చారు. కొడుకు బాగా ఆడాలన్న ప్రేమతోనే వెనక నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. "తల కదపకు. మోచెయ్యి వంచకు. భుజం తిప్పు. మణికట్టు గట్టిగా ఉంచు. కంగారుపడకు." బాబు బాల్ ముందు నిలబడి చాలాసేపు కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "మిస్, ఇందులో ముందు ఏది చెయ్యాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, వచ్చే టర్మ్ చెస్‌కి మారిపోతానన్నాడు.

వాడి ప్రశ్నకు ఇప్పుడైతే నా దగ్గర జవాబు ఉంది. ముందు చెయ్యాల్సింది టేక్‌అవే. ఆ రోజుకి అదొక్కటే చాలు.

ఎందుకో కొంచెం లెక్కల్లో చూద్దాం. బాగా ఆడేవాళ్ల స్వింగ్‌లో క్లబ్ పైకి వెళ్లడానికి దాదాపు ముప్పావు సెకను పడితే, కిందికి వచ్చి బాల్‌ని తాకడానికి పావు సెకను పడుతుంది. అంటే సుమారు మూడింటికి ఒకటి. క్లబ్ ముఖం బాల్‌ని అంటిపెట్టుకుని ఉండేది సెకనులో దాదాపు రెండువేలవ వంతు మాత్రమే. ఆ పావు సెకనులో పిల్లవాడు ఆలోచించి సరిదిద్దుకోగలిగేది ఏమీ ఉండదు. "కొట్టేటప్పుడు మణికట్టు చూసుకో" అని మనం చెప్పేలోపు బాల్ వెళ్లిపోయి ఉంటుంది. మనసుకు, కంటికి అందేంత నెమ్మదిగా సాగే భాగం మొదలు ఒక్కటే. అక్కడ క్లబ్ దారి తప్పితే, మిగిలిన స్వింగంతా దాన్ని మళ్లీ దారికి తేవడానికే సరిపోతుంది.

బాల్ వెనక క్లబ్ ఆనించి నిలబడిన క్షణం నుంచి, క్లబ్ కాడ నేలకు సమాంతరంగా నడుము ఎత్తుకు వచ్చేవరకు సాగేదే టేక్‌అవే. ఇందులో చేతులు విడిగా పనిచెయ్యకూడదు. క్లబ్ తల, చేతులు, భుజాలు, ఛాతీ అన్నీ ఒకే తలుపులా కలిసి తిరగాలి. తలుపు తెరిచినప్పుడు గడియ ఒక్కటే ముందుకు రాదు కదా.

కుడిచేతి వాటం పిల్లలకు సరిగ్గా వచ్చిందో లేదో చూడడం కష్టం కాదు. పిల్లవాడి కుడి పక్కగా, అంటే బాల్ వెళ్లాల్సిన దిక్కుకు ఎదురుచివర, కొంచెం దూరంగా నిలబడండి. ఫోన్‌ని వాడి చేతుల ఎత్తులో పట్టుకోండి. ఫోన్ తల ఎత్తులోనో, పక్కకు జరిగో ఉంటే మంచి స్వింగ్ కూడా వంకరగా కనిపిస్తుంది. క్లబ్ కాడ నేలకు సమాంతరంగా వచ్చిన చోట వీడియో ఆపండి. కాడ పాదాల వేళ్లను కలిపే గీతకు కూడా సమాంతరంగా ఉండాలి. క్లబ్ తల దాదాపుగా చేతులకు అడ్డంగా వచ్చి వాటిని కప్పేయాలి. క్లబ్ ముఖం ముందుకు వంగిన వెన్నెముక ఎంత వాలుగా ఉందో సుమారు అంతే వాలుగా ఉండాలి. అది ఆకాశాన్ని చూస్తుంటే మణికట్లు మెలి తిరిగాయని, పూర్తిగా నేలను చూస్తుంటే ముఖం మూసుకుపోయిందని అర్థం. ఎడమచేతి వాటం పిల్లలకు ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగేసుకోవాలి. వాటం మార్పించాల్సిన అవసరం లేదు. మన దేశం తరఫున ఒలింపిక్స్‌లో ఆడిన దీక్షా డాగర్ ఎడమచేతి వాటమే.

రేంజ్‌లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు, క్లబ్‌ని చేతులతో లోపలికి లాగేయడం. మొదటి అడుగులోనే మణికట్లు మెలి తిరిగి క్లబ్ తల పిల్లవాడి వీపు వెనక్కి వెళ్లిపోతుంది. అక్కడి నుంచి నేరుగా దిగే దారి లేదు కాబట్టి, దిగేటప్పుడు భుజంతో బయటికి తోస్తాడు. క్లబ్ బాల్‌ని బయటి నుంచి లోపలికి కోస్తూ తాకుతుంది. క్లబ్ వెళ్లే దారి ఒకటి, ముఖం చూసే దిక్కు ఇంకొకటి అయినప్పుడు బాల్ తిరుగుతూ వంపు తీసుకుంటుంది. కుడివైపు నెట్‌లోకి అరటిపండులా వంగి వెళ్లే షాట్లలో చాలావాటి కథ ఇదే. నాన్నలు "గట్టిగా కొట్టు" అంటారు. గట్టిగా కొడితే ఆ వంపు ఇంకా పెరుగుతుంది.

దీనికి ఉల్టాగా క్లబ్‌ని బకెట్ తోడినట్టు నిట్టనిలువుగా ఎత్తేసేవాళ్లు ఉన్నారు. తిరగకుండా నడుముని కుడివైపు జరిపేవాళ్లూ ఉన్నారు. వీళ్ల విషయంలో పిల్లల్ని అనే ముందు క్లబ్‌ని ఒకసారి చూడండి. నాన్నగారి పాత సెవెన్ ఐరన్‌ని సగానికి కోయించి ఇచ్చిన క్లబ్ అయితే తప్పు పిల్లవాడిది కాదు. పొడవు తగ్గిందే గానీ తల బరువు తగ్గలేదు. కాడ బిరుసు ఇంకా పెరిగింది. ముప్పై కిలోల పిల్ల దాన్ని ఛాతీతో తిప్పలేదు, ఒళ్లంతా ఊపి విసరాల్సిందే. నియమాల ప్రకారం బ్యాగ్‌లో 14 క్లబ్‌ల వరకు ఉండొచ్చు, కానీ పదేళ్ల పిల్లకు ఎత్తుకు సరిపోయిన నాలుగైదు జూనియర్ క్లబ్‌లు చాలు. పెద్ద సెట్‌కి పెట్టే డబ్బు దాచుకోండి, ఏడాదిలో పిల్ల ఎత్తు పెరుగుతుంది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మొదట్లో నేను ప్రతి పిల్లకూ "తల కిందికి, తల కిందికి" అని అరిచేదాన్ని. టీవీలో విన్న మాట. పాపం వాళ్లు గడ్డాన్ని ఛాతీకి నొక్కేసేవాళ్లు. అప్పుడు ఎడమ భుజం తిరగడానికి గడ్డం కింద చోటు ఉండదు, చేతులు మాత్రమే లేస్తాయి. చూపు బాల్ మీద ఉంటే చాలు, గడ్డం కాస్త పైకి ఉండాలి. కోచ్ నన్ను పక్కకు పిలిచి మర్యాదగానే చెప్పారు. ఇప్పుడు అరవడం లేదు.

ఇంట్లో ఏం చేయించొచ్చు?

అన్నిటికంటే తేలికైనది స్కూల్ బ్యాగ్. అందులో రెండు పుస్తకాలు పెట్టి, రెండు చేతులతో రెండు పక్కలా పట్టుకుని, గోల్ఫ్‌కి నిలబడినట్టు కొంచెం ముందుకు వంగి, బ్యాగ్‌ని కుడివైపుకి తిప్పమనండి. చేతులతో ఎత్తబోతే బ్యాగ్ పక్కకు ఒరిగిపోతుంది. ఛాతీ తిరిగితేనే నిటారుగా వస్తుంది. నోటితో చెప్పక్కర్లేదు, ఒంటికే తెలిసిపోతుంది.

రెండోది క్లబ్‌తో. గ్రిప్ వదిలేసి కిందికి, కాడ మీద పట్టుకోమనండి. గ్రిప్ చివర బొడ్డుకు ఆనాలి. ఆ ఆనింపు పోకుండా క్లబ్ తల నడుము ఎత్తుకు వచ్చేదాకా తిరగాలి. చేతులు ఛాతీని దాటి ముందుకు పరుగెత్తితే గ్రిప్ చివర వెంటనే బొడ్డును వదిలేస్తుంది.

మూడోదానికి మీ హాల్లోని టైల్స్ చాలు. టైల్స్ మధ్య గీతను గురి గీత అనుకోండి. బాల్ ఉండాల్సిన చోట క్లబ్ తల పెట్టించి, దాని వెనక ఒక అడుగు దూరంలో అదే గీత మీద ఒక బాల్ ఉంచండి. క్లబ్‌ని వెనక్కి తీస్తూ క్లబ్ వెనక భాగంతో ఆ బాల్‌ని తోయాలి. బాల్ గీత వెంబడే వెనక్కి దొర్లితే మంచిది. కొంచెం లోపలికి వంగినా పరవాలేదు, ఎందుకంటే ఛాతీ తిరిగినప్పుడు క్లబ్ సహజంగా కాస్త లోపలికే వస్తుంది. సోఫా కిందికి వెళ్లిపోతే మాత్రం చేతులు లాగుతున్నాయన్నమాట. ఈ ఆటలో నడుము ఎత్తు దాటనివ్వకండి. పైన ఫ్యాన్ ఉంది, పక్కన టీవీ ఉంది, అన్నింటికంటే ముఖ్యం, వెనక నుంచి పాకుతూ వచ్చే చంటిపిల్లలు ఉంటారు. పూర్తి స్వింగ్ రేంజ్‌లోనే.

పట్టు గురించి ఒక మాట. సుద్దముక్కను గట్టిగా నొక్కి రాసే పిల్లలు బోర్డు మీద దాన్ని విరిచేస్తారు, అక్షరం కూడా వంకరపోతుంది. క్లబ్ కూడా అంతే. మొదటి అర సెకనులో వచ్చే కుదుపు చాలాసార్లు బిగుసుకున్న వేళ్ల నుంచే వస్తుంది. బాల్ ముందు శిల్పంలా నిలబడిపోవడం ఇంకో కారణం. పెద్ద ఆటగాళ్లు కూడా పూర్తి నిశ్చలం నుంచి కదలరు. జాక్ నిక్లాస్ మొదలుపెట్టే ముందు గడ్డాన్ని కాస్త కుడికి తిప్పేవాడు, క్లబ్‌ని నేలకు ఆనించేవాడు కాదు. గ్యారీ ప్లేయర్ కుడి మోకాలిని లోపలికి చిన్నగా కదిపేవాడు. మీ పిల్లలకూ అలాంటి చిన్న కదలిక ఒకటి దొరికితే బిగుతు దానంతట అదే పోతుంది. మా గ్రూప్‌లో కూచిపూడి నేర్చుకునే పాప ఒకతి ఉంది. ఆ మూడింటికి ఒకటి లెక్క చెప్పగానే "తకిట" అంటూ వెనక్కి తీసి "తోం" అని కొట్టింది. ఇప్పుడు సగం మంది పిల్లలు అదే పద్ధతి. పక్క బే వాళ్లు విచిత్రంగా చూస్తున్నారు, చూడనివ్వండి.

ఇంత చెప్పాక దీనికి ఎదురు సాక్ష్యం కూడా చెప్పడం న్యాయం. జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ని బయటికి, నిట్టనిలువుగా తీసి, పైన ఒక మెలిక తిప్పి కిందికి తెస్తాడు. ఏ పుస్తకంలోనూ లేని స్వింగ్ అది. దానితోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక పీజీఏ టూర్ రౌండ్‌ని 58 షాట్లలో ముగించాడు. కాబట్టి వీడియోలో కాడ రెండు అంగుళాలు పక్కకు ఉందని పిల్లల్ని నిలదీయకండి. బాల్ తిన్నగా వెళ్తూ, పిల్ల హాయిగా ఉంటే కోచ్ కూడా ముట్టుకోరు. పదే పదే ఒకే వైపు తప్పుతున్నప్పుడే మొదలు ఎలా ఉందో చూడాలి.

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ లాంటి చోట్ల కోర్సులు ఉన్నా, పిల్లల పని ఇంకా చాలాకాలం రేంజ్ చాప మీదే ఉంటుంది. మీరు రేంజ్‌కి వస్తే మాకు సంతోషమే. ఒక్క మనవి. ఆ రోజు కోచ్ ఏ ఒక్క మాట మీద పనిచేయిస్తున్నారో ముందు అడగండి, మీరూ ఆ ఒక్క మాటే అనండి. వీడియో రోజుకు రెండు చాలు, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి.

ఆ ఏడో తరగతి బాబు చెస్ ఫారం తీసుకున్నాడు గానీ ఇంకా ఇవ్వలేదు. వాళ్ల నాన్నగారితో ఫోన్‌లో మాట్లాడాను. మరుసటి శనివారం ఆయన మళ్లీ వచ్చారు, ఈసారి వెనక బెంచీ మీద కూర్చున్నారు. బాబు మొదటి పది బాల్స్ అసలు కొట్టలేదు. నడుము ఎత్తు దాకా తీసి, ఆగి, చూసుకుని, మళ్లీ కిందికి దించాడు. పదకొండోది కొట్టాడు. కుడివైపే వంగింది, కానీ నెట్ దాకా వెళ్లలేదు. వెనక్కి తిరిగి నాన్న వైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు, ఇంకో బాల్ దొర్లించారు.