దక్షిణ ఒడిశాలో విద్యుత్తు చట్టములు: వినియోగదారుని స్థానము

గంజాము, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో తరతరములుగా స్థిరపడియున్న తెలుగువారికి ఇచ్ఛాపురము, పార్వతీపురము, సాలూరు ప్రాంతములతో బంధుత్వములు నేటికిని తెగలేదు. పెండ్లిండ్లకు, పండుగలకు రాకపోకలు జరుగుచునే యున్నవి. నలుగురు కూర్చున్నచోట ధరవరల ప్రసక్తి వచ్చును. దాని వెంట కరెంటు బిల్లుల మాట వచ్చును. "మా పొలానికి కరెంటు ఊరికే ఇస్తున్నారు, మీకెందుకివ్వరు బావగారూ?" అని ఆంధ్రదేశపు వియ్యంకుడు ప్రశ్నించును. "మాది ప్రైవేటు కంపెనీ అండీ" అని ఒడిశాలోని వియ్యంకుడు సమాధానము చెప్పి ఊరకుండును. ఆ సమాధానములో సత్యము కొంత మాత్రమే కలదు.

విద్యుత్తును పంపిణీచేయు సంస్థ ఎవరిదైనను, దాని ధరను నిర్ణయించు అధికారము ఆ సంస్థకు లేదు. బహిరంగముగా విచారణ జరిపి, కారణములను వ్రాతమూలముగా తెలిపి నిర్ణయము చేయవలసిన నియంత్రణ సంఘమొకటి ప్రతి రాష్ట్రమునకును కలదు. ఆ విచారణలో సామాన్య వినియోగదారుడు సైతము తన అభ్యంతరమును వినిపింపవచ్చును. యాజమాన్యమును గూర్చిన వాదములలో ఈ హక్కు మఱుగుపడుచున్నది. అది మనకెట్లు సంక్రమించినదో, దానినెట్లు వినియోగించుకొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పూర్వచరిత్ర

గంజాము సీమలో అధికభాగమును, కోరాపుట్ ప్రాంతమును 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడువఱకు మదరాసు రాజధానిలో చేరియుండెను. పరిపాలన వేఱైనను నదులు వేఱు కాలేదు. మాచ్‌ఖండ్ నదిపై జలాపుట్ కడ ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతపు ఎత్తును ఉపయోగించుకొని, ఇరురాష్ట్రముల భాగస్వామ్యముతో నిర్మించిన జలవిద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది. 17 మెగావాట్ల యంత్రములు మూడును, 21.25 మెగావాట్ల యంత్రములు మూడును కలిసి దాని శక్తి 114.75 మెగావాట్లు. సరిహద్దుకు ఇరువైపుల ఇండ్లలోను ఆ నీటివలన దీపములు వెలిగినవి.

నాటి విద్యుద్వ్యవహారములకు 1910 నాటి విద్యుచ్చట్టమును, 1948 నాటి విద్యుత్సరఫరా చట్టమును ఆధారములు. రెండవ చట్టము ననుసరించి రాష్ట్రములలో విద్యుత్ బోర్డులు ఏర్పడెను. ఒరిస్సా బోర్డు 1961లో ఏర్పడినది. రాజ్యాంగమున విద్యుత్తు ఉమ్మడి జాబితాలో 38వ అంశము. అనగా కేంద్రమును రాష్ట్రమును ఉభయులును దీనిపై చట్టములు చేయవచ్చును.

బోర్డులు మారుమూల గ్రామములకు తీగెలు లాగిన ఘనకార్యమును కాదనరాదు. కాని ఉత్పత్తి, ప్రసారము, పంపిణీ, ధర నిర్ణయము అన్నియు ఒకే చేతిలో నుండెను. అమ్మువాడే ధర నిర్ణయించువాడు. ఫిర్యాదు వినువాడును అతడే. ఎన్నికల వేళ ధరలు పెంచవలదని ప్రభుత్వము కోరుట, ఆ లోటును పూరించు ధనము సకాలమున ఇయ్యకపోవుట, అప్పులు పెరుగుట దేశమంతటను సామాన్యమయ్యెను.

సంస్కరణలు

ఈ స్థితిని మార్చుటకై దేశములో మొదట చట్టము చేసిన రాష్ట్రము ఒరిస్సాయే. ప్రపంచ బ్యాంకు సహాయముతో రూపొందిన 1995 నాటి విద్యుత్ సంస్కరణల చట్టము 1996 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. బోర్డు పోయి, జలవిద్యుదుత్పత్తికి ఒక సంస్థయు, ప్రసార పంపిణీలకు గ్రిడ్కో అను సంస్థయు ఏర్పడెను. అదే సంవత్సరమున రాష్ట్ర విద్యుత్ నియంత్రణ సంఘము పని ప్రారంభించినది. దేశమున ఇట్టి సంఘములలో ఇదియే మొదటిది.

పిమ్మట పంపిణీ కార్యము నాలుగు కంపెనీలుగా విభజింపబడినది. 1999లో వాటి వాటాలలో నూటికి 51 వంతులు ప్రైవేటు సంస్థలకు విక్రయింపబడెను. దక్షిణ, పశ్చిమ, ఈశాన్య కంపెనీలు బి.ఎస్.ఇ.ఎస్. సంస్థకును, మధ్య కంపెనీ అమెరికాకు చెందిన ఎ.ఇ.ఎస్. సంస్థకును చేరెను. ఆ సంవత్సరము అక్టోబరులోనే రెండు తుపానులు రాష్ట్రమును తాకినవి. మొదటిది గోపాలపురము కడ తీరము దాటగా, 29వ తేదీ నాటి మహాతుపాను మధ్యతీరమును నేలమట్టము చేసెను. నష్టములు అనుకొన్నంత వేగముగా తగ్గలేదు, వసూళ్లు పెరుగలేదు. 2001లో ఎ.ఇ.ఎస్. సంస్థ తప్పుకొనెను. తక్కిన మూడు కంపెనీలు కాలక్రమమున రిలయన్స్ వర్గము ఆధీనమునకు వచ్చెను. 2015లో నియంత్రణ సంఘము వాటి అనుమతులను రద్దుచేసి, ప్రభుత్వరంగ నిర్వాహకునికి అప్పగించెను. తరువాత పోటీవిధానమున టాటా పవర్ సంస్థకు 51 వంతులు లభింపగా, తక్కిన 49 వంతులు ప్రభుత్వపక్షమున నిలిచినవి. బరంపురము మొదలు కోరాపుట్ వఱకు గల దక్షిణ మండలము 2021 జనవరి 1 నుండి ఈ క్రొత్త కంపెనీ క్రిందకు వచ్చినది.

ఆంధ్రప్రదేశము 1998లో సంస్కరణల చట్టము చేసి, 1999లో నియంత్రణ సంఘమును స్థాపించి, 2000లో పంపిణీ కంపెనీలను ఏర్పఱచినను, వాటిని ప్రైవేటువారికి విక్రయింపలేదు. ఆ సంవత్సరమే ధరల పెంపుపై తీవ్రమైన ఆందోళన చెలరేగి, ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగులో పోలీసు కాల్పులకు ప్రాణములు పోయినవి. దేశమంతటికిని వర్తించు 2003 నాటి విద్యుచ్చట్టము ఈ భిన్నమార్గములను ఒక చట్రములోనికి తెచ్చినది. కావున యాజమాన్యమున భేదమున్నను, ధరల విచారణ విధానము సరిహద్దుకు ఉభయపార్శ్వములందును ఒక్కటియే.

ధర ఎట్లు పుట్టును?

పంపిణీ కంపెనీ ప్రతి సంవత్సరమును రాబోవు ఏటి వ్యయమును లెక్కగట్టి సంఘమునకు అర్జీ సమర్పించును. విద్యుత్తు కొనుగోలు, సిబ్బంది జీతములు, మరమ్మతులు, వడ్డీ, అనుమతింపబడిన లాభము ఇందులో చేరును. ఏ వ్యయమును అంగీకరింపవలెను, దేనిని త్రోసిపుచ్చవలెను అనునది సంఘము నిర్ణయించును.

ఇందు దారినష్టము ప్రధానమైనది. ఒక ఉదాహరణము చూతము. కంపెనీ యూనిట్టు 3 రూపాయల చొప్పున 100 యూనిట్లు కొన్నదనుకొందము. వ్యయము 300 రూపాయలు. తీగెలలో నష్టమై, దొంగిలింపబడి 30 యూనిట్లు పోయినచో, మిగిలిన 70 యూనిట్లపై ఆ 300 రాబట్టవలెను; యూనిట్టునకు సుమారు 4 రూపాయల 29 పైసలు పడును. నష్టము 20 యూనిట్లే అయినచో 3 రూపాయల 75 పైసలు చాలును. కావుననే సంఘము ప్రతి ఏటను నష్టమునకు ఒక పరిమితిని విధించును. ఆ పరిమితిని మించిన నష్టమును వినియోగదారునిపై మోపరాదు, కంపెనీయే భరింపవలెను. విచారణలో అడుగదగిన మొదటి ప్రశ్న ఈ పరిమితిని గూర్చియే.

దక్షిణ మండలమునకు ప్రత్యేకమైన విషయమొకటి కలదు. ఒడిశాలో నాలుగు మండలములందును ఒకే తరగతి వినియోగదారునకు ఒకే ధర. కాని నాలుగు కంపెనీల ఆదాయబలము సమానము కాదు. పశ్చిమమున సంబల్‌పురము, రూర్కెలా ప్రాంతములలో అల్యూమినియము, ఉక్కు కర్మాగారములు విస్తారము. దక్షిణమున రాయగడ వైపు పెద్ద పరిశ్రమలు లేకపోలేదు గాని, అధికసంఖ్యాకులు గృహస్థులు, చిన్న వర్తకులు, రైతులు. ఈ తారతమ్యమును సరిచేయుటకై గ్రిడ్కో నాలుగు కంపెనీలకును టోకుధరలు వేర్వేరుగా వసూలుచేయును; దక్షిణ కంపెనీకి తక్కువ, పశ్చిమ కంపెనీకి ఎక్కువ. బరంపురపు ఇంటి దీపము ధర సంబల్‌పురపు కర్మాగారముతో ఇట్లు ముడిపడియున్నది. ఈ టోకుధరల అమరికను మార్చవలెనను వాదము ఎప్పుడు వచ్చినను, దక్షిణ జిల్లాలవారు విచారణకు పోకుండుట తమ నష్టమును తాము కోరుకొనుటయే యగును.

వియ్యంకుని ప్రశ్నకు కూడ సమాధానము ఇక్కడనే కలదు. ఆంధ్రదేశమున 2004 నుండి సేద్యమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చుచున్నారు. ఆ విద్యుత్తునకు కూడ ధర కలదు. 2003 చట్టము 65వ సెక్షను ప్రకారము, సంఘము నిర్ణయించిన ధరలో ఏ వర్గమునకైన రాయితీ ఇయ్యదలచిన ప్రభుత్వము ఆ మొత్తమును ముందుగా చెల్లింపవలెను. రాయితీ రాష్ట్రప్రభుత్వపు నిర్ణయము. దానిని కోరవలసినది శాసనసభ్యుని. ధర నిర్ణయము సంఘపు పని. దానిని ప్రశ్నింపవలసినది విచారణలో. బిల్లులో కనబడు విద్యుత్ సుంకము వేఱొక చట్టము క్రింద ప్రభుత్వము వసూలుచేయు పన్ను. ఎవరినేమి అడుగవలెనో తెలియకున్నచో అర్జీలు వ్యర్థమగును.

వినియోగదారుని హక్కులు

2003 చట్టమున సామాన్యుడు తప్పక ఎఱుగవలసిన సెక్షనులు కొన్ని కలవు.

43వ సెక్షను: ఇంటి యజమాని గాని అద్దెకున్నవాడు గాని కోరినపుడు విద్యుత్తు సరఫరా చేయుట కంపెనీ విధి. 2020 నాటి వినియోగదారుల హక్కుల నియమములు, 2024 నాటి సవరణతో కలిసి, క్రొత్త కనెక్షనునకు మహానగరములలో 3 దినములు, ఇతర పురపాలక ప్రాంతములలో 7 దినములు, గ్రామములలో 15 దినములు గడువు విధించినవి. కొండప్రాంతపు గ్రామములకు గడువు 30 దినములు.

56వ సెక్షను: బాకీకై సరఫరా నిలుపుటకు ముందు 15 పూర్ణదినముల వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యవలెను. వివాదమున్నచో, అడిగిన మొత్తమును గాని గడచిన ఆఱునెలల సగటును గాని, ఏది తక్కువయో దానిని, అభ్యంతరము తెలుపుచు చెల్లించినవాని కనెక్షనును తీసివేయరాదు. చెల్లింపవలసిన నాటి నుండి రెండేండ్లు గడచిన బాకీని, బిల్లులలో ఎడతెగక చూపుచు వచ్చిననే తప్ప, వసూలుచేయరాదు. పెద్దలనాటి ఇండ్లకు పాతబాకీలు చూపినపుడు ఈ నియమము ఆదుకొనును.

42వ సెక్షను: ప్రతి కంపెనీయు ఫిర్యాదుల పరిష్కార వేదికను ఏర్పఱుపవలెను. అచట న్యాయము జరుగలేదని తోచినచో, నియంత్రణ సంఘము నియమించిన అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును.

64వ సెక్షను: ధరల అర్జీని కంపెనీ సంక్షిప్తముగా ప్రకటింపవలెను. ప్రజల సూచనలను, అభ్యంతరములను పరిశీలించిన పిమ్మటనే సంఘము, అర్జీ అందిన 120 దినములలోపల, ఉత్తరువు ఇయ్యవలెను. ఆ ఉత్తరువు నచ్చనివారు 111వ సెక్షను క్రింద కేంద్ర అప్పీలు న్యాయస్థానమునకు పోవచ్చును.

మన సంఘములు చేయదగినది

ఈ హక్కులన్నియు కాగితముపై నున్నవి. కాగితమునకును మనకును నడుమ భాష అడ్డముగా నున్నది. ధరల ప్రకటనలు ఒడియా, ఆంగ్ల పత్రికలలో వెలువడును. తెలుగు మాత్రమే చదువగల వృద్ధులకు, గృహిణులకు, చిన్న వర్తకులకు అవి అందవు. వినబడని అభ్యంతరము సంఘపు ఉత్తరువులోనికి ఎక్కదు.

కావున మూడు పనులు సూచింపదలచితిని. మొదటిది, బిల్లులోని పదములకు సులభమైన తెలుగు వివరణపట్టికను తయారుచేసి ఇంటింటికిని పంచుట. తెలుగు బోధించు నావంటి ఉపాధ్యాయులకు ఇది కష్టమైన పని కాదు. పై తరగతుల విద్యార్థులు తమ ఇంటి బిల్లునే లెక్కగా చేసినచో గణితమును, పౌరధర్మమును ఒక్కసారి అలవడును. రెండవది, ప్రకటన వెలువడగానే దాని సారాంశమును తెలుగులో వ్రాసి సంఘభవనమున అంటించుట. మూడవది, ప్రకటనలో తెలిపిన రీతిని, గడువులోపల, సంఘము పక్షమున ఒక అభ్యంతరపత్రము దాఖలుచేసి విచారణకు ప్రతినిధిని పంపుట.

ఈ మార్గము ఒడిశావారికే పరిమితము కాదు. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రములలో 1999 నుండి నియంత్రణ సంఘములు కలవు. యానాము పుదుచ్చేరి విద్యుచ్ఛాఖ క్రింద నున్నందున అచటి ధరలు ఆంధ్ర సంఘపు పరిధిలోనివి కావు. గోవాకును కేంద్రపాలిత ప్రాంతములకును ఏర్పడిన సంయుక్త సంఘము వాటిని నిర్ణయించును. చుట్టును గోదావరి జిల్లాలే యున్నను యానామువారు తమ అర్జీని ఆ సంయుక్త సంఘమునకే పంపవలెను.

ఒడిశాలో క్రొత్త ధరలు సాధారణముగా ఏప్రిల్ 1 నుండి అమలుకు వచ్చును; వాటి విచారణ అంతకుముందు చలికాలమున జరుగును. బిల్లు వచ్చిన పిమ్మట విచారించుట కంటె, రాబోవు చలికాలమున బరంపురము నుండి ఒకటి, రాయగడ నుండి ఒకటి చొప్పుననైన తెలుగు సంఘముల అభ్యంతరపత్రములు భువనేశ్వరము చేరునట్లు పెద్దలు పూనుకొందురు గాక.