4.3 తెల్లదోమలో సి.ఓ.1 జన్యువు: నిలిచే ప్రోటీన్, మారే డి.ఎన్.ఏ.

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• సి.ఓ.1 జన్యువు కీటకాల గుర్తింపుకు ఎందుకు పనికివస్తుందో వివరించగలుగుతారు.
• రెండు వరుసల మధ్య తేడా శాతాన్ని లెక్కించగలుగుతారు.
• ఈ పద్ధతి పరిమితులను చెప్పగలుగుతారు.

4.3.1 సమస్య

కర్నూలు జిల్లా పశ్చిమాన, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్న హాలహర్వి మండలంలో ఒక పత్తిచేనును ఊహించుకోండి. ఆకు తిరగేస్తే అడుగున ఒక మిల్లీమీటరు పొడవున్న తెల్లదోమలు కనిపిస్తాయి. వీటి శాస్త్రీయ నామం బెమీసియా టబాసి. నిజానికి ఇది ఒకే జాతి కాదు, చూపుకు తేడా తెలియని అనేక జాతుల సముదాయం. దక్షిణ భారతంలో ఏషియా-1 ఎక్కువ. ఆకుముడత వైరస్ పత్తిని దెబ్బతీసే ఉత్తరాదిలో ఏషియా-2-1 ముఖ్యమైనది. పశ్చిమాసియా మూలం గల మరో జాతిని 1999లో కోలారు టమాటా తోటలలో గుర్తించారు. వైరస్‌ను మోసే శక్తి, పురుగుమందును తట్టుకొనే శక్తి జాతిని బట్టి మారుతాయి. జాతి తెలియకుండా మందు ఎంచుకొంటే రైతు ఖర్చు వృథా కావచ్చు.

4.3.2 ఈ జన్యువే ఎందుకు?

కీటకాల మైటోకాండ్రియా డి.ఎన్.ఏ.లో సాధారణంగా 37 జన్యువులుంటాయి. వాటిలో 13 ప్రోటీన్లను తయారుచేస్తాయి. అందులో ఒకటి సి.ఓ.1. కణశ్వాసక్రియ చివరి మెట్టులో ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే ఎంజైములో ఇది ప్రధాన భాగం. ఈ ప్రోటీన్ చెడితే కణానికి శక్తి అందదు. కాబట్టి దానిని చెడగొట్టే ఉత్పరివర్తనాలను ప్రకృతి వరణం ఏరివేస్తుంది.

మరి తేడాలు ఎక్కడ పోగవుతాయి? జిజిఎ అనే కోడాన్ గ్లైసిన్‌ను సూచిస్తుంది. మూడవ అక్షరం మారి జిజిటి అయినా గ్లైసినే వస్తుంది. రెండవ అక్షరం మారి జిఎఎ అయితే గ్లుటామిక్ ఆమ్లం వస్తుంది. మొదటి రకం మార్పు ప్రోటీన్‌ను తాకదు కనుక తరతరాలుగా నిలిచిపోతుంది. అందుకే ఎక్కువ తేడాలు కోడాన్ మూడవ స్థానంలో కనిపిస్తాయి. ప్రోటీన్ దాదాపు స్థిరంగా ఉండటం వల్ల వేర్వేరు కీటకాల వరుసలను పక్కపక్కన పేర్చవచ్చు. మూడవ స్థానాలు మారడం వల్ల జాతులను వేరుచేయవచ్చు.

ఈ జన్యువులోని సుమారు 650 క్షారాల ముక్కను జంతువుల బార్‌కోడ్‌గా వాడాలని కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించింది.

4.3.3 లెక్క

తెల్లదోమ పరిశోధనలో ఎక్కువగా ఇదే జన్యువు రెండవ చివరనున్న 657 క్షారాల ముక్కను వాడారు. ఒక చివరి ముక్కను మరో చివరి ముక్కతో పోల్చకూడదు.

తేడా శాతం = (తేడా ఉన్న స్థానాలు ÷ పోల్చిన మొత్తం స్థానాలు) × 100

2010లో డిన్స్‌డేల్ బృందం 3.5 శాతాన్ని హద్దుగా తీసుకొని ఈ సముదాయంలో 24 జాతులను చూపింది. 657లో 3.5 శాతమంటే సుమారు 23 స్థానాలు. ఇది పరిశోధకులు ఎంచుకొన్న కొలత, ప్రకృతి గీసిన గీత కాదని గుర్తుంచుకోండి.

4.3.4 జాగ్రత్తలు

1. కీటక మైటోకాండ్రియాలో టిజిఎ ట్రిప్టోఫాన్‌కు సంకేతం, కేంద్రక జన్యువులలో అది విరామ సంకేతం. సరైన సంకేత పట్టికతో చదివినా మధ్యలో విరామ సంకేతం వస్తే, అది కేంద్రకంలోకి చేరిన నిరుపయోగ నకలు కావచ్చు.

2. మైటోకాండ్రియా సాధారణంగా తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. కాబట్టి సంకరణం జరిగితే సి.ఓ.1 సగం కథే చెబుతుంది. 2018లో కర్ణాటకలో బయటపడిన మొక్కజొన్న కత్తెర పురుగే ఇందుకు ఉదాహరణ. భారతదేశంలో మొక్కజొన్నపై సేకరించిన అనేక నమూనాలలో సి.ఓ.1 'వరి రకం' అని చూపగా, ఒక కేంద్రక జన్యువు 'మొక్కజొన్న రకం' అని చూపింది.

3. తల్లి ద్వారానే సంక్రమించే వోల్బాకియా బాక్టీరియా వ్యాపిస్తే, దానితోపాటు ఒకే మైటోకాండ్రియా రకం కూడా వ్యాపించి, నిజమైన వైవిధ్యం మరుగున పడవచ్చు.

సారాంశం

సి.ఓ.1 ప్రోటీన్ నిలకడ పోలికకు, మూడవ స్థానపు మార్పులు గుర్తింపుకు తోడ్పడతాయి. అయితే జాతి నిర్ణయానికి కేంద్రక జన్యువుల, జీవన విధానాల సాక్ష్యం కూడా చేర్చాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

రెండు తెల్లదోమల 657 క్షారాల వరుసలలో 33 తేడాలున్నాయి. 3.5 శాతం హద్దు ప్రకారం అవి ఒకే జాతివా?

జవాబు: (33 ÷ 657) × 100 = సుమారు 5 శాతం. హద్దు దాటింది కనుక వేర్వేరు జాతులు కావచ్చు. కేంద్రక జన్యువుతో నిర్ధారించుకోవాలి.