ఎండకూ ఒక లెక్క ఉంది



ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. డాబాల మీద నీళ్ళ ట్యాంకు పక్కన సోలార్ వాటర్ హీటర్లు కూడా కనిపిస్తున్నాయి. మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో చేరిన అన్నలు, అక్కలు అమ్మానాన్నలకు ఇల్లు కట్టించి, దాని మీద ఒకటి పెట్టించాలనుకోవడం సంతోషించవలసిన విషయమే. అయితే అమ్మేవారు చెప్పే మాటలన్నీ నిజం కావు. మన ఇళ్ళలో ఆ డబ్బు పొదుపు సంఘం అప్పో, ఏడాది కూలి మిగులో అయి ఉంటుంది. అది పోతే మళ్ళీ కూడబెట్టడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే ఒక మాట నమ్మదగినదా కాదా అని తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాం. దీనికి పి.జి. చదువు అక్కరలేదు. హైస్కూలు పాఠం చాలు.

నీళ్ళకు ఎంత వేడి కావాలి?

ఒక లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో కేలరీలు. కనుక లీటర్లను పెరగవలసిన డిగ్రీలతో గుణించి, 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 100 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 100ను 35తో గుణించాలి, అంటే 3500. దాన్ని 860తో భాగిస్తే సుమారు 4 యూనిట్లు.

ఎండ ఎంత ఇస్తుంది?

నడి మధ్యాహ్నం చదరపు మీటరు మీద పడే ఎండ సుమారు 1000 వాట్లు. రోజంతా కలిపి చూస్తే, ఏడాది సగటున మన ప్రాంతంలో చదరపు మీటరుకు 5 నుంచి 5.5 యూనిట్లు. మంచి పరికరమైనా అందులో సుమారు సగమే నీళ్ళకు చేరుస్తుంది. మిగతాది అద్దం వెనక్కి కొట్టడం వల్ల, గాలికి చల్లారడం వల్ల పోతుంది. అంటే చదరపు మీటరుకు రెండున్నర యూనిట్లు. 100 లీటర్ల హీటరుకు సాధారణంగా 2 చదరపు మీటర్ల పలక పెట్టేది ఇందుకే.

ఇప్పుడు ఒక ఏజెంటు వచ్చి, "ఒక్క చదరపు మీటరు పలకతో రోజూ 300 లీటర్లు, 80 డిగ్రీల నీళ్ళు" అన్నాడనుకోండి. 300ను 55తో గుణించి 860తో భాగించండి. 19 యూనిట్లు కావాలి. ఆ పలక మీద పడేదే అయిదున్నర. పడినదంతా పట్టుకున్నా కుదరదు. ఎంత కొత్త టెక్నాలజీ అయినా పడని ఎండను పట్టలేదు.

పెద్ద మాటలన్నీ అబద్ధాలు కావు

2002లో తిరుమలలో సూర్యరశ్మితో ఆవిరి తయారుచేసి వంట చేసే ఏర్పాటు చేశారు. అప్పుడు ప్రకటించిన అంకెలు ఇవి: 106 అద్దాల డిష్‌లు, ఒక్కొక్కటి 9.2 చదరపు మీటర్లు. రోజుకు 4000 కిలోల ఆవిరి. ఏడాదికి 1,18,000 లీటర్ల డీజిల్ ఆదా. వినగానే అతిశయోక్తి అనిపిస్తుంది. లెక్క వేద్దాం. మొత్తం అద్దం 975 చదరపు మీటర్లు. 5 యూనిట్ల చొప్పున దాదాపు 4900 యూనిట్ల ఎండ. కిలో ఆవిరికి సుమారు 640 కిలో కేలరీల చొప్పున 4000 కిలోలకు దాదాపు 3000 యూనిట్లు. సూర్యుడి వెంట తిరిగే అద్దాలకు మంచి ఎండ రోజున ఇది సాధ్యమే. డీజిల్ వైపు నుంచి చూస్తే రోజుకు 323 లీటర్లు. లీటరుకు సుమారు 10 యూనిట్లు కనుక 3200. రెండు దారుల్లో వచ్చిన జవాబులు దగ్గరగా ఉన్నాయి. నమ్మదగిన మాటకు ఇదే గుర్తు.

ఇంకా అడగవలసినవి

"వానాకాలంలో కూడా వేడినీళ్ళు" అంటే ట్యాంకులో కరెంటు కాయిల్ ఉందా అని అడగండి. ఉంటే ఆ వేడి మన మీటరులో నుంచే వస్తుంది.

"కరెంటు బిల్లు సగమవుతుంది" అంటే ఇప్పుడు నీళ్ళు దేనితో కాస్తున్నామో చూసుకోండి. కట్టెల పొయ్యి మీద కాచే ఇంట్లో బిల్లు ఒక్క రూపాయి తగ్గదు. తగ్గేది కట్టెలు, అమ్మ కళ్ళకు పొగ. అదీ లాభమే, కానీ వాయిదా కట్టడానికి ఆ బిల్లు మిగులును నమ్ముకోకూడదు.

"ప్రభుత్వ సబ్సిడీ ఉంది" అంటే ఏ పథకమో అడగండి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ రాయితీ కరెంటు తయారుచేసే పలకలకు. నీళ్ళు కాచే పలకలకు కాదు.

బోరు నీళ్ళలో సున్నం ఎక్కువైతే గొట్టాల్లో తెల్లని పొర కట్టి వేడి తగ్గుతుంది. కడగడానికి ఎవరు వస్తారో, ఎంత తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి.

మన అమ్మానాన్నలు చదువుకోకపోయినా కూలి లెక్కలో ఒక్క రూపాయి తప్పు పోనివ్వరు. వాళ్ళకు తెలియనిది 860 ఒక్కటే. అది మనకు తెలుసు. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఇంటికి అలాంటి ఏజెంటు వస్తే, సంతకం పెట్టకముందు మూడే అడగండి: ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని చదరపు మీటర్లు? మిగతాది ఒక నోటు పుస్తకం చివరి పేజీలో తేలిపోతుంది.