అమ్మ చేతికి రిమోట్

కిందటేడు వేసవిలో అమ్మ డల్లాస్ వచ్చేనాటికి మా ఇంట్లో ఉన్నది రిమోట్ లేని స్ట్రీమింగ్ డాంగిల్. ఏం చూడాలన్నా నా ఫోన్లోంచే పంపాలి. నేను ఆఫీసుకి వెళ్తే పగలంతా ఆవిడకి టీవీ ఉన్నా లేనట్టే. "ఏం తోచట్లేదురా, టిక్కెట్టు ముందుకి జరుపు" అన్నాక గానీ నాకు తెలిసిరాలేదు.

అందుకే పెట్టె కొనేవాళ్ళకి నేను చెప్పేది: 4కే సంగతి తర్వాత, ముందు రిమోట్ చూడండి. టీవీ ఆన్, వాల్యూమ్, వాయిస్ బటన్లు ఒక్కదాని మీదే ఉండాలి. రోకు, ఫైర్ టీవీ, ఆపిల్ టీవీ, గూగుల్ టీవీ అన్నిట్లోనూ ఇలాంటివి దొరుకుతాయి. (మన సినిమా పేర్లు వాటికి ఒక పట్టాన అర్థం కావు, అది వేరే సంగతి.) అమ్మావాళ్ళు చూసే తెలుగు ఛానెళ్ళ యాప్ ఆ పెట్టెలో, మీరుండే దేశంలో వస్తుందో లేదో కూడా ముందే కనుక్కోండి. ఇండియాలో కట్టిన చందా ఇక్కడ చెల్లకపోవచ్చు.

బొమ్మ ఆగిపోతుంటే పెట్టెని తిట్టకండి. 4కేకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. చాలాసార్లు తప్పు నాలుగు గోడల అవతలున్న వైఫైది. ఈథర్నెట్ పోర్టున్న పెట్టె కొని, రూటర్ నుంచి వైరు లాగండి. టీవీ పాతదై హెచ్‌డీసీపీ 2.2 లేకపోతే 4కే పెట్టెకి డబ్బు దండగ.

అమ్మ టిక్కెట్టు మార్చలేదు లెండి.